వంతెన మీద పసుపు గుడ్డ

జనవరి 11

చిన్నోడికి,

అక్క రాసేది. బతికే ఉన్నాం. క్షేమ సమాచారాల్లో ఇంతకన్నా చెప్పేదేమీ లేదు కాబట్టి ఆ ముక్క ముందే రాసేస్తున్నాను.

నువ్వు పంపిన సూదుల పెట్టె చేరింది. సాయం లారీ డ్రైవరు దాన్ని చొక్కా లోపల దాచుకుని తెచ్చాడు. తనిఖీలో వాడి చొక్కా పట్టుకున్న సైనికుడికే గుచ్చుకున్నాయట. ఆసుపత్రి కుట్టుగదిలో ఇన్నాళ్లూ మేం ముగ్గురం ఒకే సూదితో వంతులేసుకున్నాం, ఇప్పుడు ఒక్కొక్కరం మహారాణులమైపోయాం.

మీ బావ నీళ్ల పని మానలేదు. ఊరు రెండుగా చీలినా నీళ్ల గొట్టం ఒకటే కదా. పంపుహౌస్ మన ఒడ్డున ఉంది, దానికి కరెంటిచ్చే స్టేషన్ ఏటికి అవతల వాళ్ల ఒడ్డున ఉంది. మనం నీళ్లు ఆపితే వాళ్లు కరెంటు ఆపుతారు, అప్పుడు ఎవరి గొంతూ తడవదు. అందుకని ప్రతి గురువారం పొద్దున వంతెన మధ్యలో వాల్వు గది దగ్గర రెండువైపుల మనుషులూ కలుస్తారు. మనవైపు నుంచి మీ బావ, ఇంకొక ఫిట్టరు. అటునుంచి పొడుగాయన. గుర్తున్నాడుగా, ఆ లైన్‌మ్యాన్. మనింట్లో పేకాటకి కూర్చుంటే కాళ్లు గుమ్మం దాటి వీధిలో ఉండేవి. ఆ వాల్వు తుప్పుపట్టి తిరగదు. నిలువెత్తు ఇనప గొట్టం తగిలించి అందరూ కలిసి తోయాలి. పని సాగినంతసేపూ వంతెన కమ్మీకి ఒక పసుపు గుడ్డ కట్టి ఉంచుతారు. అది కనబడితే ఏ ఒడ్డువాడూ కాల్చడు. ఎవరూ కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదిది, అలా అలవాటైపోయింది. ఆ గుడ్డ ఆసుపత్రి పాత తెర చింపి నేను కుట్టిందే.

ఇక అసలు సంగతి. మంగళవారం కొండ మీది వాళ్ల ఫిరంగులు ప్రసూతి వార్డు మీద గుండ్లు పేల్చాయి. నేను కుట్టిన దుప్పట్లని గుర్తుపట్టాను గానీ వాటిలో చుట్టినవాళ్లని గుర్తుపట్టలేకపోయాను. దూరపు కొండలు నునుపంటారు. మాది దగ్గరి కొండ, దాని నునుపెంతో మాకు తెలుసు. నువ్వున్న దేశానికి విమానాలున్నాయి. ఆ ఫిరంగుల నోళ్లు మూయించమని ఎవరినైనా అడగరా. వచ్చేవాడు పరాయివాడా మనవాడా అని నేను చూడను. దెయ్యం వచ్చి ఆపినా దండం పెడతాను.

చలిలో చెవులు కప్పుకుని తిరుగు.

అక్క


జనవరి 29

అక్కా,

నీ ఉత్తరం పనిచేసే బల్ల దగ్గరే చదివాను, చదవకుండా ఉండాల్సింది. చేతిలో ఎవరిదో పై దవడ మైనపు అచ్చు ఉంది. ఉత్తరం అయ్యేసరికి నా బొటనవేలు అందులో దిగిపోయింది. ఆ పెద్దమనిషికి పళ్ల సెట్టు ఇంకో వారం ఆలస్యం.

ఇక్కడి చట్టసభ వాళ్లు ఒక కమిటీ వేశారు. మన ఊళ్లో జోక్యం చేసుకోవాలా వద్దా అని విచారిస్తారట. మనవాళ్ల సంఘం తరఫున నన్ను మాట్లాడమన్నారు. నాకు మాట్లాడటం రాదు కాబట్టి నీ ఉత్తరమే చదువుదామనుకుంటున్నాను. నీ జవాబు వచ్చేలోపు ఆ రోజు వచ్చేస్తుంది. వద్దనాలనిపిస్తే ఆ తిట్లేవో కూడబెట్టి ఒకేసారి రాయి.

మా పళ్ల ల్యాబ్ ఓనరుకి ఇది ఇష్టం లేదు. వాళ్లబ్బాయిని ఇలాగే సైన్యంతో ఎక్కడికో కాపాడటానికి పంపారు. కాపాడి తిరిగొచ్చాడు, కానీ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు, తలుపు చప్పుడైతే బల్ల కిందికి పోతాడు. "మీ ఊరి కోసం మళ్లీ ఇంకెవరి పిల్లాడు?" అన్నాడు ఆయన. నీ దుప్పట్లు తలచుకుంటూ ఆ పై దవడ అచ్చు మళ్లీ మొదలుపెట్టాను.

బావని వంతెన మీద ఎక్కువసేపు ఉండొద్దని చెప్పు.

నీ చిన్నోడు


ఫిబ్రవరి 14

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు అనుమతి అడిగిన ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. నా ఉత్తరాన్ని లోకమంతా విని వారం దాటింది. ఇచ్చేశాను అనుకో.

రేడియోలో నీ గొంతు విన్నాం. నేలమాళిగలో ఉన్నవాళ్లందరం బ్యాటరీ అయిపోతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా పీల్చాం. పద్యం అప్పజెప్పినట్టు చదివావు, చిన్నప్పటి రోగం పోలేదు నీకు. అయినా పై ఇంటి పంతులమ్మ ఏడ్చేసింది. ఇప్పుడు వీధిలో నేను కనబడితే చాలు, "దెయ్యం ఎప్పుడొస్తోందమ్మా?" అని పలకరిస్తున్నారు. ఇన్నాళ్లకి ఈ వీధిలో మనుషులు నవ్వుతున్నారు, నా మాట పట్టుకుని అయితేనేం.

మీ బావ మాత్రం నవ్వలేదు. "సూదుల దగ్గర్నుంచి ఏకంగా దుప్పట్ల దగ్గరికి దూకేశాడు మీవాడు. మధ్యలో వంతెన ఏమైంది? నమిలి మింగేశాడా?" అన్నారు. నేనూ గమనించాను. గురువారం లేదు, పొడుగాయన లేడు, గుడ్డ లేదు. నీకు టైమిచ్చి ఉండరని నేనే సర్దిచెప్పాను. పోనీలే, ఆ సభవాళ్లకి మన వాల్వు సంగతెందుకు. మూయించాల్సింది ఫిరంగుల్ని కదా.

కుట్టుగదికి ఇప్పుడు కిటికీ అద్దాల్లేవు. వెలుతురు మాత్రం బాగా వస్తోంది.

అక్క


ఫిబ్రవరి 28

అక్కా,

నువ్వు పోనీలే అన్నావు, నా ప్రాణం తేలికపడింది. ఆ ముక్క నేను మరిచిపోయి వదల్లేదు. సంఘం లాయరు తీసెయ్యమన్నాడు. "రెండు ఒడ్లవాళ్లూ కలిసి వాల్వు తిప్పుకుంటున్నారని చదివితే, మరింకేం, వాళ్లే తిప్పుకుంటారులే అని కమిటీ వాళ్లు సంచులు సర్దుకుంటారు. ఏడుపు మధ్యలో నవ్వు చూపిస్తే ఎవరూ ఏడుపుని నమ్మరు" అన్నాడు. వినగానే ఒప్పుకోలేదు. కానీ ఆలోచిస్తే నిజమే అనిపించింది. నేను చదివిందాంట్లో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు కదా.

చదవడం అయ్యాక ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. నీ దెయ్యం మాట అట్టముక్కల మీద రాసుకుని వీధుల్లో తిరుగుతున్నారు. పత్రికలో నా ఫోటో కూడా పడింది, పక్కవాడి టోపీ నా ముఖానికి అడ్డొచ్చింది. చెవి మాత్రం నాదే. రేపు ఇంకో ఊళ్లో మాట్లాడమన్నారు.

ఓనరు నా ఉపన్యాసాల రోజుల్ని సెలవు కింద కోస్తున్నాడు. బావకి కోపం తగ్గించు. ఆ వాల్వు గొట్టం తగిలి ముందు పన్ను ఊడిందన్నావు కదా పోయినేడు. ఇదిగో మైనం ముక్క పంపుతున్నాను. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, గట్టిగా కొరికి పంపమను. అసలు పన్నే సిగ్గుపడేలాంటిది చేసి పెడతాను.

చిన్నోడు


మార్చి 15

చిన్నోడా,

ఈ ఉత్తరం నిదానంగా చదువు. సభలో చదవడానికి కాదు, నీకోసం.

పోయిన నెల పొడుగాయన ఒక మాట తెచ్చాడు. గురువారంలాగే ఆదివారం కూడా ఫిరంగులు ఆపడానికి వాళ్ల పైవాళ్లు ఒప్పుకునేలా ఉన్నారట. బదులుగా వాళ్ల ఒడ్డుకి మందుల లారీ వదలాలి. ఒకరోజు కుదిరితే రెండోరోజు కుదురుతుంది, రెండు కుదిరితే మూడు, అని మీ బావ చిన్నపిల్లాడిలా గంతులేసుకుంటూ మన కెప్టెన్ దగ్గరికి వెళ్లారు. కెప్టెన్ ఆయన భుజం తట్టి, "విమానాలొస్తుంటే ఆదివారాలు అడుక్కోవడమెందుకు పెద్దాయనా? వారాలన్నీ మనవే" అన్నాడట. అటుపక్క వాళ్లు కూడా రేడియో వింటున్నారు. విమానాలొచ్చేలోపు ఉన్న గుండ్లన్నీ మా నెత్తిన ఖాళీ చేసేద్దామనుకున్నట్టున్నారు. నువ్వు రేడియోలో మాట్లాడక ముందుకంటే ఇప్పుడు ఎక్కువ పడుతున్నాయి. నీ తప్పని కాదు, జరుగుతున్నది రాస్తున్నాను.

మీ బావకీ నాకూ ఇంట్లో ఇదే యుద్ధం. పిల్లీ పిల్లీ పోట్లాడుకుంటే రొట్టె కోతికి పోయిందంటారాయన. ఒక పిల్లి మెడ ఇంకో పిల్లి నోట్లో ఉన్నప్పుడు కోతైనా ఫరవాలేదంటాను నేను. తర్వాత ఆయన మాట నేనూ, నా మాట ఆయనా తలచుకుంటూ పడుకుంటాం. వాళ్లని రావద్దని చెప్పమనడం లేదు. రమ్మనీ చెప్పలేను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిన్న కూడా కుట్టుగదికి దుప్పట్లు కావాలని కబురొచ్చింది.

ఒక్కటి మాత్రం చెయ్యి. గురువారం, వంతెన, పసుపు గుడ్డ. ఈ సంగతి వచ్చేవాళ్ల చెవిన వెయ్యి. నేను పోనీలే అన్నది ఆ సభ వరకే. వేరేగా ఎవరికో చెప్పే ఉంటావని అనుకుంటూ వచ్చాను. మీ బావ అడిగితే ఏమో అనిపించింది, అందుకే రాస్తున్నాను. చెప్పకపోతే ఇప్పుడు వెళ్లి చెప్పు.

మీ బావ గుడ్డని పెద్దది చెయ్యమన్నారు. ఇన్నాళ్లూ రెండు ఒడ్లకి కనబడితే చాలింది, ఇకమీద పైన ఎగిరేవాళ్లకీ కనబడాలంటారు. వార్డు కూలిపోయాక తెరలతో పనేముంది, వాటినే కలిపి కుడుతున్నాను. గదంతా పసుపే. ఇంత గుడ్డ చూస్తే గుడ్డివాడైనా ఆగుతాడు.

అక్క


మార్చి 21

అక్కా,

ఓటింగ్ అయింది. వస్తున్నారు.

నీ దగ్గర్నుంచి ఈ నెల ఉత్తరం లేదు, లారీల్ని సరిహద్దులో ఆపేశారంటున్నారు. ఇది ఎవరి చేతికైనా ఇచ్చి పంపిస్తాను. భయపడకండి. కొండ మీది ఫిరంగులూ, రోడ్ల మీద కదిలే ఫిరంగులూ తప్ప వేరేవి ముట్టుకోం అని టీవీలో అందరి ముందూ మాటిచ్చారు. మీరు కొండవైపు కిటికీల దగ్గర నిలబడకండి.

ఫలితం వినగానే సంఘం ఆఫీసులో మనవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ల్యాబ్‌లో ఓనరు మాత్రం ఆకురాయితో పన్ను అరగదీస్తూ తలెత్తకుండా ఒక మాటన్నాడు. "రమ్మనడానికి నీ నోరు చాలింది. ఇక చాలు, ఆపండి అనాల్సి వస్తే ఎవరి నోరు చాలుతుందో చూసుకో." ముసలాయనకి కడుపుమంట, వాళ్లబ్బాయి సంగతి మనకి తెలిసిందేగా.

బావ పన్ను అచ్చు ఏది?

చిన్నోడు


ఏప్రిల్ 4

చిన్నోడికి అక్క ఆశీస్సులు.

కొండ నోరు మూసింది. మొదటి రోజునే మూసేశారు. తెల్లారేసరికి కొండ మీద పొగ తప్ప ఏమీ లేదు. జనం వీధుల్లోకి వచ్చారు. పంతులమ్మ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేను కూడా డాన్సు చేశాను రా, ఈ వయసులో, చెప్పుల్లేకుండా, గాజుపెంకుల మధ్య. దెయ్యానికి దండం పెడతానన్నాను కదా, మాట తప్పలేదు. ఆకాశం వైపు తిరిగి పెట్టాను. ఆ కొండ మీద పోయినవాళ్లకీ తల్లులుంటారని తర్వాత గుర్తొచ్చింది. డాన్సు చేస్తున్నప్పుడు గుర్తురాలేదు.

పోయిన గురువారం మీ బావవాళ్లు వంతెన మీద ఉండగానే విమానాలు నెత్తి మీదుగా వెళ్లాయి. ఎవరూ కదల్లేదట. పసుపు గుడ్డ రోడ్డు మీద పరిచి ఉంది. అవి చూసుకుని వాటి దారిన అవి పోయాయి. "మీ తమ్ముడు చెప్పినట్టున్నాడు, చెవిన వేసుకున్నారు" అని మీ బావ ఇంటికొచ్చి అన్నారు. నీ మీద కోపం పూర్తిగా పోయింది. అందుకు సాక్ష్యం ఇదిగో, మైనం ముక్క. కొరకమంటే నాలుగుసార్లు కొరికి, బాలేదని చెరిపి, మళ్లీ కొరికారు. పన్ను మరీ తెల్లగా ఉండకూడదట, మిగతావాటితో కలవాలట. పొడుగాయన తనకీ ఒకటి కావాలంటున్నాడు, వాడికి పళ్లన్నీ ఉన్నా సరే.

నువ్వు బాగా తిను. ఫోటోలో చెవి కూడా చిక్కినట్టుంటుంది.

అక్క


ఏప్రిల్ 16

అక్కా,

నీ మార్చి ఉత్తరం, ఏప్రిల్ ఉత్తరం రెండూ ఇవాళ ఒకే కట్టలో వచ్చాయి. నేను ఎవరికీ చెప్పలేదు. వంతెన సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వు వదిలెయ్యమన్నావనుకున్నాను.

విమానాలు గుడ్డ చూసి ఆగలేదు. ఆ రోజు వాటికి పని వేరేచోట ఉండి ఉంటుంది, అంతే. బావని వంతెన ఎక్కనివ్వకు. కాళ్లు పట్టుకునైనా ఆపు. నేను రక్షణ శాఖ ఆఫీసుకి వెళ్లాను. ఒకతను రాసుకున్నాడు. ఏ వంతెన, మ్యాపులో నంబరెంత అని అడిగాడు. నంబరు నాకేం తెలుసు, పేకాట ఆడే పొడుగాయన కనబడే వంతెన అని చెప్పనా? పైకి పంపిస్తానన్నాడు. ఫోన్లు కలవడం లేదు. ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇచ్చి, దారిలో ఎక్కడా ఆగొద్దని బతిమాలాను.

చిన్నోడు


మే 2

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చింది. నువ్వు ఆ ఆఫీసు మెట్లు ఎక్కేనాటికే అయిపోయింది.

ఏప్రిల్ రెండో గురువారం. ఆ పొద్దున గాలి ఎక్కువగా ఉంది. గుడ్డ అంత పెద్దది కావడంతో కమ్మీకి కడితే నిలవలేదు, రోడ్డు మీద పరిస్తే లేచిపోయింది. అందుకని పనిముట్ల బండి మీద కప్పి నాలుగు మూలలూ బిగించి కట్టారు. వాల్వు తిప్పే గొట్టం బండిలోంచి బయటికి పొడుచుకుని ఉంది. మీ బావ, మన ఫిట్టరు, పొడుగాయన, అతనితో వచ్చిన ఇంకొకతను. ఎవరూ లేరు ఇప్పుడు. వంతెన కూడా లేదు.

వారం తర్వాత ఆ దేశపు ఆఫీసరు ఒకతను వచ్చాడు, పక్కన దుబాసీ. మర్యాదస్తుడే. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పైనుంచి తీసిన ఫోటో చూపించాడు. టార్పాలిన్ పట్టా కప్పిన బండి, కిందనుంచి ఫిరంగి గొట్టం, చుట్టూ రెండువైపుల నుంచి వచ్చిన మనుషులు. ఆ విమానంలో నేనున్నా అది ఫిరంగే అనుకునేదాన్ని. "ముందే ఎవరైనా మాకొక మాట చెప్పి ఉంటే" అన్నాడతను. మా తమ్ముడికి తెలుసు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మనింట్లో మింగడం అందరికీ వచ్చు.

నీళ్లు లేవు. వాళ్లు కరెంటు ఆపారు. విమానాల్ని పిలిచి చంపించింది మనమే అని వాళ్లంటున్నారు. మన మనుషుల్ని ఎరగా వాడుకున్నది వాళ్లే అని కెప్టెన్ అంటున్నాడు. వాల్వు గురించి మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉన్నారా అంటే, మాట్లాడుకునేవాళ్లు ఆ నలుగురే. నిన్న ఏటి దగ్గర పొడుగాయన భార్య కనబడింది, అవతల బిందె పట్టుకుని. నేను చెయ్యెత్తాను. ఆమె నావైపు చూసి బిందె ముంచుకుని వెళ్లిపోయింది.

కొండ మనవాళ్ల చేతికొచ్చింది. అక్కడికి మన ఫిరంగులు ఎక్కించారు. అవి ఇప్పుడు అటు ఒడ్డువైపు తిరిగి ఉన్నాయి. మొన్నటినుంచి మోగుతున్నాయి. వాళ్ల ఆసుపత్రిలో కూడా ఎవరో ఒకామె కూర్చుని దుప్పట్లు కుడుతూనే ఉంటుంది. పంతులమ్మ చెవుల్లో దూది పెట్టుకుని తలుపు తియ్యడం లేదు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. రెండు పేజీలు తిట్టాను కూడా. చించేశాను. తిట్టినవన్నీ నాకూ తగులుతున్నాయి. దెయ్యమైనా సరే అన్నది నేను, పోనీలే అన్నది నేను. వాళ్లు రాకపోయుంటే మీ బావ ఉండేవారు. వాళ్లు రాకపోయుంటే కొండ మీంచి ఇంకెన్ని వార్డులు కూలేవో. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని రోజంతా చూస్తున్నాను. ఏదీ రెండోదాన్ని కొట్టెయ్యడం లేదు. తేల్చి చెప్పగలమనేవాళ్లు నీ సభల్లో ఉంటారు, వాళ్లని నమ్మకు.

పన్ను చేసేసి ఉంటే నీ దగ్గరే ఉంచుకో. పంపకు.

ఇప్పుడు అక్కడ వేరేవాళ్లు జెండాలు పట్టుకుని బయల్దేరి ఉంటారు, విమానాల్ని వెనక్కి పిలవమని. వాళ్లకీ ఒక లాయరుంటాడు. ఈ ఉత్తరం సంగతి తెలిస్తే నిన్ను వెతుక్కుంటూ వస్తారు, ఇది చదవమంటారు. చదువు. కానీ ఈసారి ఎవడు చెప్పినా ఒక్క ముక్క తీసెయ్యకు. ఇదీ, ముందువీ, అన్నీ చదువు. ప్రసూతి వార్డు చదువు. పొడుగాయన తెచ్చిన ఆదివారం మాట చదువు. కొండ నోరు మూసిననాడు నేను గాజుపెంకుల మధ్య డాన్సు చేశానని చదువు. మన ఫిరంగులు ఇప్పుడు ఎటు తిరిగి ఉన్నాయో చదువు.

చిన్న గుడ్డయితే ఎప్పటిలా కమ్మీకే కట్టుకునేవారు, బండి మీద కప్పేవారు కాదు. పైవాళ్లకి బాగా కనబడాలని ఆ ఆఖరి గురువారానికి ముందురోజు ఇంకో రెండు తెరలు కలిపి వెడల్పు పెంచాను. అంత పెద్దది మీ బావ అడగలేదు, నాకే తోచింది. అది కూడా చదువు.

అక్క